కౌంటరుకు ఇటువైపు

ఆకాశం ఉంది. ఈ వేళప్పుడు ఈ చౌకు మీద ఇంత ఆకాశం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, చెప్పే ఉంటారు, గ్లాసులు కడుగుతూ నేనే విని ఉండను, ఎదురుగా మా పదోవాలో సలోనే అని పిలిచే పాత మేడ గోడంతా పీచు పండు లోపలి రంగుకు తిరిగింది, దాని చుట్టూ వానకోయిలలు బడి వదిలిన పిల్లల్లా అరుచుకుంటూ చక్కర్లు కొడుతున్నాయి. వీటి అరుపు నాకు కొత్తేం కాదు, కాకపోతే లోపలున్నప్పుడు అది కాఫీ మెషీను ఆవిరి గొట్టం కీచుమనడం అనుకునేదాన్ని, మెకానిక్కును పిలిపించాను కూడా, ఆయన విప్పి, తుడిచి, బిగించి, ఏమీ లేదమ్మా అని వెళ్ళిపోయాడు. పిట్టలమ్మా అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది. పొద్దున కూరగాయల బళ్ళు నిలిచిన చోట ఇప్పుడు మా టేబుళ్ళు, రాళ్ళ సందులో క్యాబేజీ ఆకు ఒకటి ఇంకా తడిగా అతుక్కుని ఉంది, వంగి తీద్దామనిపిస్తోంది, వద్దు, నీవెస్, నిలబడు. మా టేబుళ్ళు అని కూడా అనకూడదు, గైయా టేబుళ్ళు. ఈ నెల నుంచి ‘రెండు పావురాలు’ బారు మా తమ్ముడి కూతురు గైయాది, తాళాలు నా చేత్తోనే ఇచ్చాను, ఇచ్చి మర్నాడు తెల్లారేసరికి షట్టరు ముందు నిలబడితే "నీకు ఇల్లు లేదా అత్తా?" అంది. ఉంది. ఇంట్లో ఏం చెయ్యాలో తెలీదు, అదీ సంగతి. మా అమ్మ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఆ కౌంటరు వెనక నిలబడ్డాను, ఊరంతా చేతిలో గ్లాసుతో వీధిలోకొచ్చే ఈ గంటను సీసాల వెనకున్న అద్దంలో చూశాను, అదీ ఎడమ కుడిగా, ముక్కలు ముక్కలుగా, సీసాకూ సీసాకూ మధ్య సందు ఉన్నంత మేర. ఇవాళే మొదటిసారి ఇటువైపు నిలబడ్డాను. ఇంత పెద్దదా ఇది.

నిలబడటం కూడా రావడం లేదు. చేతుల్ని ఎక్కడ పెట్టుకుంటారు వీళ్ళంతా? గ్లాసున్న చెయ్యి సరే, రెండో చెయ్యి? నోటరీ గారిది ప్యాంటు జేబులో, ఆ కుక్క ఉన్నావిడది గొలుసు మీద, కుర్రాళ్ళవి ఫోన్ల మీద, ప్రేమలో ఉన్నవాళ్ళవి ఒకరి వీపు మీద ఒకరివి. నాకు రెండు చేతులూ ఖాళీ. ఈ వేళప్పుడు ఈ చౌకులో ఖాళీ చేతులతో నిలబడటం పెళ్ళి పంక్తిలో ఆకు లేకుండా కూర్చున్నట్టే, అందరూ జాలిగా చూస్తారు. ఒక చెయ్యి కోటు జేబులో పెట్టాను, అక్కడ దానికి పట్టుకోవడానికి ఒకటి దొరికింది, అదేమిటో తర్వాత చెప్తాను. రెండో చెయ్యి ఊరుకోలేదు, పక్క టేబులు మీది ఖాళీ గ్లాసులు మూడు వేళ్ళ మధ్య ఇరికించి ఎత్తేసింది, నేను కాదు, చెయ్యే, అవి తీసుకుని రెండడుగులు లోపలికి వేసేశాను కూడా, గైయా గుమ్మంలో ఎదురొచ్చి "అత్తా! పెట్టెయ్! అక్కడ పెట్టెయ్!" అని దొంగను పట్టినట్టు అరిచింది, చౌకులో సగం మంది తిరిగి చూశారు. పెట్టేశాను. అప్పుడడిగింది, పెన్ను చెవి మీద పెట్టుకుని, అచ్చం నేను అడిగినట్టే, "సరే, ఏం తీసుకుంటావు?" అని.

నేనా, నేనేం తీసుకుంటాను? నన్ను నిద్రలో లేపి అడిగినా నోటరీ గారిది తెల్ల వైను, ఎర్ర చేదు మందు ఒక చుక్క, ఐసు వద్దు అని చెప్తాను. కుక్క ఉన్నావిడకు నారింజ రంగుది, తియ్యగా, కుక్కకు చిప్స్ రెండు. లెక్కల టీచరు రోజెత్తాకు ముదురు ఎరుపు, చేదు నాలుక మీద గీరుకోవాలి, మొగుడు పోయినప్పటి నుంచీ ఇంకొంచెం చేదు. చేపల బండి సిల్వానోకి అన్నీ కలిపిన స్ప్రిట్జు పొడుగు గ్లాసులో, ఆలివు రెండు, ఒకటి తాగకముందు ఒకటి తాగాక. ఎవరూ నోరు తెరిచి అడగరు, గుమ్మం తొక్కగానే చెయ్యి దానంతటదే సీసా మీదికి పోతుంది, మా ఊళ్ళో ఒక మనిషి నిజంగా ఈ ఊరివాడయ్యాడు అనడానికి గుర్తు అదే, వాడికి ఒక ‘మామూలు’ ఉండటం. అది ఉన్నవాడు అడగడు, లేనివాడు బోర్డు చదువుతాడు. నేను తల తిప్పి బోర్డు చదివాను. నా చేత్తో రాసిన బోర్డు, నేనే, పరాయి ఊరిదానిలా. "తర్వాత చెప్తాలే" అన్నాను, గైయా నా ముఖం చూసి పక్క టేబులుకు వెళ్ళిపోయింది, అదే ఇంకా సిగ్గుగా ఉంది.

మా అమ్మది ఒకటే శాసనం, కౌంటరు వెనకున్నవాళ్ళు తాగరు. నాన్న కౌంటరు వెనక నిలబడే తాగాడు, వచ్చినవాడికి ఒకటి పోసి తనకు ఒకటి, నవ్వుతూ, పాడుతూ, ఎవరితోనూ గొడవ లేకుండా బారును సగం మింగేసి పోయాడు, మంచివాడు, అందుకే ఎక్కువ ఏడిపించాడు. ఆయన పోయిన వారం అమ్మ నన్ను ఆ కౌంటరు వెనక నిలబెట్టి పాలరాతి మీద నా చెయ్యి ఆనించి "ఇటు పొయ్యడమే. తాగాలనిపిస్తే అటు వెళ్ళు" అంది. అటు వెళ్ళడానికి తీరికెప్పుడు దొరికింది? గుడ్లు ఉడకబెట్టాలి, సగానికి కోసి మీద ఉప్పుచేప పెట్టాలి, తెల్ల రొట్టెను మూలలుగా కోసి ట్యూనా కూరాలి, మధ్యలో కడుపుతో ఉన్నట్టు ఉబ్బుగా ఉండాలి, బల్లపరుపుగా ఉంటే మా ఊరి రొట్టె కాదు. తినడానికి కాదు అదంతా, గ్లాసుకు తోడుగా నోట్లో వేసుకోవడానికి, ఇది భోజనం కాదు, భోజనానికి తలుపు తియ్యడం, ప్లేటు నిండా పోగేసుకునేవాణ్ణి చూస్తే అమ్మ నా చెవిలో "రైలు దిగొచ్చాడు" అనేది. తలుపు తీస్తూనే ఉన్నాను నేను రోజూ, లోపలికి ఒక్కసారీ పోలేదు.

ఒక్క మనిషే పిలిచాడు. తూలియో గారు. చర్చీల్లో ఆర్గన్లు శృతి చేసే ఆయన, ఈ ఊళ్ళో చర్చీలకు కొదవ లేదు గనక ఆయనకూ పనికి కొదవ లేదు, సాయంత్రం గంటలు మోగాక వచ్చి కౌంటరు చివర, అద్దానికి ఎదురుగా నిలబడేవాడు. చేతులు బాగా తెలుసు నాకు, నాకు అందరి చేతులే తెలుసు, పోస్తున్నప్పుడు గ్లాసు చూస్తాను, ఇస్తున్నప్పుడు చెయ్యి చూస్తాను, ముఖం చూసే లోపు ఇంకొకడు వస్తాడు. ఆయన బొటనవేళ్ళ అంచులు ఆర్గన్ల తగరపు గొట్టాల మసితో నల్లగా ఉంటాయి, గ్లాసు ఇవ్వగానే గోటితో అంచు మీద టింగుమనిపించి చెవి పెట్టి వింటాడు, "ఇది రేపోమాపో పగులుతుంది నీవెస్ గారూ" అంటే పగిలేది, నేను ఆయన దిష్టి అనేదాన్ని. వెళ్ళేటప్పుడు రోజూ ఒకే మాట, "ఒకసారి ఇటువైపు రండి, ఒక గ్లాసు కలిసి తాగుదాం." రోజూ నాదీ ఒకే మాట, "రేపు." ఎన్నిసార్లు ‘రేపు’ అన్నానో, నేను ఆయన్ని ఊరించాలనేం కాదు, సింకు నిండా గ్లాసులుండేవి, రేపు ఉండవనుకునేదాన్ని. చలికాలంలో రావడం తగ్గించాడు, మెట్లెక్కితే ఆయాసం అన్నాడు, తర్వాత రావడం మానేశాడు, కౌంటరు చివర ఆ ఒక్క చోటూ వేరేవాళ్ళు నిలబడితే నాకు ఒళ్ళు మండేది, ఎందుకో అడక్కండి. సోమవారం ఆయన గుండె తెరుస్తారట. తెరిచి, లోపల తలుపేదో సరిగ్గా పడటం లేదట, బాగు చేసి మూస్తారట. మనిషి గుండెను ఆర్గన్ పెట్టెలా తెరుస్తారా అని అడిగితే సిల్వానో "ఆయనే మాకు అలాగే వివరించాడక్కా, మూత తీసి, గాలి ఎక్కడ పోతోందో చూసి" అన్నాడు, అని ఆగి, "శనివారం సాయంత్రం వస్తానన్నాడు. ఆవిడని ఈసారైనా ఇటు నిలబడమను అన్నాడు" అన్నాడు. ఇవాళ శనివారం.

గంటలు మోగి చాలాసేపయింది. సిల్వానో బండి దగ్గర ఆవిరి లేస్తోంది, చిన్న ఆక్టోపస్‌లు ఉడకబెట్టి, కత్తితో నాలుగు ముక్కలు చేసి, పచ్చని సాసు పోసి ఇస్తాడు, జనం గ్లాసు ఒక చేత్తో పట్టుకునే వెళ్ళి తెచ్చుకుంటారు. నన్ను చూసి అక్కణ్ణించే కేకేశాడు. "నీవెసక్కా! తప్పిపోయావా ఏంటి? మీ బారు అటుంది!"

"తెలుసులేవోయ్, నీ కత్తి సంగతి చూసుకో."

"చేతిలో గ్లాసేది? ఏం, అప్పివ్వనందా మేనకోడలు?"

పళ్ళెం తెచ్చి నా టేబులు మీద పెట్టాడు, అందరికీ ఇచ్చినదానికన్నా ఎక్కువే వేశాడు, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు చూశారా అదే, పెట్టి గొంతు తగ్గించి "వస్తాడక్కా. నిదానంగా నడుస్తున్నాడంతే" అన్నాడు. ఏడిపించేవాడు ఏడిపించకపోతేనే భయం వేస్తుంది.

రాకపోతే? ఇన్నేళ్ళూ ‘రేపు’ అని వాయిదా వేసిన రోజులు నావే అనుకున్నాను, ఆయన రోజులు కూడా నేనే ఖర్చు పెట్టేశానా? ఒక ముక్క నోట్లో వేసుకున్నాను, వేడిగా, ఉప్పగా, సముద్రం మెత్తబడితే ఇలాగే ఉంటుందేమో, వేసుకుని తలెత్తాను, అప్పుడు దీపాలు వెలిగాయి. చౌకు చుట్టూ ఒకేసారి, ఇంకా వెలుతురుండగానే, గోడ మీది పీచు రంగు చల్లారకముందే. ఎవరూ పట్టించుకోలేదు, ఒక్కళ్ళూ మాట ఆపలేదు, కానీ అందరి గ్లాసుల్లోకీ ఎరుపు వచ్చింది, వందల గ్లాసులు, మెడల దగ్గర, నడుముల దగ్గర, గాల్లో, మాటతోపాటు ఊగుతూ, ఒక్కోదాంట్లో ఒక చిన్న దీపం. లోపలున్నప్పుడు ఈ చప్పుడు ఎసరు మరుగుతున్నట్టు ఉండేది, ఎప్పుడు దిగుతుందా అని చూసేదాన్ని. ఇక్కడ అది ఒక్కో గొంతుగా విడిపోతోంది, ఎవరో ఇల్లు అమ్మడం గురించి, ఎవరో పుట్టబోయే బిడ్డ పేరు గురించి, లెక్కల రోజెత్తా ఎవరితోనో "లేదండీ, చేదే బాగుంటుంది" అని, ఇద్దరు లాయర్లు పొద్దున కోర్టులో తిట్టుకున్న కేసునే మళ్ళీ నవ్వుతూ తిట్టుకుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. ఇంటికి పోవాలి, వండాలి, పిల్లలు, అప్పులు, సోమవారాలు, అందరికీ ఉన్నాయి, అన్నిటినీ భోజనం వేళ దాకా ఆగమని వాకిట్లో నిలబెట్టి వచ్చారు. పని అయిపోయింది, రాత్రి ఇంకా రాలేదు, మధ్యలో ఈ కాస్త ఎవరిదీ కాదు గనక అందరిదీ. దీన్ని నేను రోజూ పోసి ఇచ్చానా? ఈ చేతులతోనే? పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అనలేదు. నాకు ఏడుపొచ్చింది, దుఃఖం కాదు, మరేదో, కొండనో సముద్రాన్నో మొదటిసారి చూసినవాళ్ళకు వస్తుందంటారే, అది, నాకు కూరగాయల చౌకులో, పదోవాలో, పుట్టిన ఊళ్ళో వచ్చింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు. సన్నబడ్డాడు, కోటు ఆయన్ని తొడుక్కున్నట్టుంది, చేతికర్ర ఒకటి కొత్తది. నేను ముందు చెయ్యే చూశాను, కర్ర మీద బొటనవేలు, నలుపు పోయి తెల్లగా ఉంది, పనిలేని చెయ్యి, నాకు అదొక్కటి చూస్తేనే భయం వేసింది.

"ఆలస్యమైంది" అన్నాడు, ఊపిరి అందుకుంటూ. "క్షమించాలి."

"నేను చేసినంత కాదులెండి" అన్నాను. నవ్వాడు, చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

గైయా పరుగున వచ్చింది. "తూలియో గారూ! రండి రండి, కూర్చోండి, కుర్చీ వేస్తా."

"కుర్చీ ఎందుకమ్మా, సోమవారం నుంచి పడుకోవడమేగా. నిలబడతా."

"మీకు మామూలేనా?"

"వైను ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నీళ్ళు పెట్టేవు, నీళ్ళతో గ్లాసు తాకిస్తే అరిష్టం. మందు లేని ఎర్రది, ఆ బుడ్డి సీసా ఉంటుంది చూడు, అది. చేదుకు అడ్డు చెప్పలేదు ఆయన."

"మరి అత్తకి?" గైయా నా వైపు చూసింది. నేను మళ్ళీ బోర్డు వైపు చూశాను.

"ఆవిడకి ఆవిడ మామూలు" అన్నాడాయన.

"అత్తకి మామూలేముందండీ, అత్త తాగదుగా" అంది గైయా. నేనూ అదే అనబోయాను. ఆయన కర్రను టేబులుకు ఆనించి, తీరిగ్గా, గొట్టం గొట్టం శృతి చూసే మనిషి ఎలా చెప్తాడో అలా చెప్పాడు.

"నారింజ కోస్తారు చూడు, చివరి ముక్క, పారేసేది, అది ముందు. కొలత గిన్నె అడుగున రెండు చుక్కల ఎర్ర చేదు మిగులుతుంది, అందులో దాన్ని ముంచాలి, ముంచి ఆవిడ మెషీను ఆవిరి వదిలి, ఆ ఆవిరి చాటున నోట్లో వేసుకుంటారు. తొక్కతో సహా. వెనకే ఒక పచ్చ ఆలివు. వాన రోజైతే ఒక ఉప్పుచేప. ఇన్నేళ్ళూ అదే. దానికి సరిపోయే గ్లాసు ఏదో నువ్వే కలుపు, చేదు కాస్త ముందుండాలి, నారింజ ముక్కలు రెండు."

నాకు చెవుల దాకా వేడెక్కింది. దేవుడికి కూడా తెలియదనుకున్నాను. అమ్మకు ఇచ్చిన మాట తప్పలేదు, తాగలేదు, తొక్క తిన్నాను, తొక్క తినడం తాగడమా? నాన్న తాగినదాని రుచి ఎలా ఉండేదో తెలుసుకోవాలని మొదలుపెట్టాను, ఎప్పుడో, తర్వాత నా రుచి అయిపోయింది, రోజుకు ఒక్కటే, గోడ వైపు తిరిగి. గోడ వైపు! గోడ మీదే ఉంది అద్దం. వంచిన తలకు అద్దం కనబడదు, కౌంటరు చివర నిలబడ్డ మనిషికి వంచిన తల కనబడుతుంది. నేను సీసాల సందుల్లోంచి ఈ గంటను చూస్తుంటే ఆయన అదే సందుల్లోంచి నన్ను చూశాడు.

"ఇన్నేళ్ళూ చూస్తూ, ఒక్కసారీ అనలేదేం?"

"అంటే మానేస్తారు" అన్నాడు. "అంతకన్నా మంచి ముఖం ఈ ఊళ్ళో నాకింకెక్కడ దొరుకుతుంది?"

గైయా నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది, గుమ్మం దాకా వెళ్ళి, లోపల గ్లాసులు తీసే పిల్లకు వినబడేట్టు మా బారు గొంతుతో, మా అమ్మ గొంతుతో కేకేసింది. "ఒక బుడ్డి ఎర్రది! ఒక నీవెస్ మామూలు!" ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళో అందరి పేర్లూ ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం విన్నాను. నా పేరు వెళ్ళడం ఇదే వినడం. సిల్వానో బండి దగ్గర చప్పట్లు కొట్టాడు, వెధవ, అన్నీ వింటాడు.

గ్లాసులొచ్చాయి. సాసరులో నారింజ చివరి ముక్క, ఎర్రగా, ఆలివు పక్కన. ఇక్కడ ఆవిరి లేదు, చాటు లేదు, ఇంతమంది మధ్య, దీపాల కింద, తొక్కతో సహా నోట్లో వేసుకున్నాను. చేదు ముందు నాలుక వెనక్కి వెళ్ళి, అక్కణ్ణించి మెల్లగా తీపై తిరిగొచ్చింది, ఎప్పుడూ వచ్చే రుచే, కాకపోతే మింగి ఊరుకోనక్కర్లేదు, "అబ్బ" అని పైకే అన్నాను. ఆయన తన గ్లాసు అంచు మీద గోటితో టింగుమనిపించి విన్నాడు, నాది కూడా విన్నాడు. "రెండూ గట్టివే" అన్నాడు. గ్లాసులు ఎత్తాం. నా కళ్ళు అలవాటుగా ఆయన చేతి మీదికే పోయాయి.

"అటు కాదు నీవెస్ గారూ. ఇటు. కళ్ళలోకి చూడకుండా తాకిస్తే ఏడేళ్ళు చెడ్డకాలమంటారు, నాకు అంత తీరిక లేదు."

చూశాను. బూడిద రంగు. ఎడమ కంట్లో చిన్న గోధుమ రంగు మచ్చ, మసి పడినట్టు. ఇన్నేళ్ళ పరిచయం, ఆ కళ్ళ రంగు నాకు తెలియదు. గ్లాసులు తాకాయి, వానకోయిలలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చేదు గొంతులోకి దిగుతుంటే నా నోటి నుంచి ఆ మాట దానంతటదే వచ్చింది, ఈసారి నేను అడిగాను.

"రేపు?"

"రేపు ఆదివారం" అన్నాడు. "బారు మూత. మీరు పెట్టిన నియమమేగా."

జేబులో చెయ్యి బయటికి తీశాను. గైయాకు తాళాలు నా చేత్తోనే ఇచ్చానన్నాను కదా, అన్నీ ఇచ్చానని అనలేదు. ఒక తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది, వెనక తలుపుది, సాయంత్రం నుంచీ దాన్నే పట్టుకుని నిలబడ్డాను. ఆలివు సాసరు పక్కన పెట్టాను.

ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "మరి పోసేదెవరు? కౌంటరు వెనక ఎవరూ ఉండరుగా."

"నేనే పోస్తాను" అన్నాను. "పోసి, ఇటువైపు వస్తాను."